నోరు లేని జేబు

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకి ఎదురుగా
రేకుల పంచలో నా మిషను.
ఇరవై తొమ్మిదేళ్ళుగా కుట్టేది చొక్కాలే గానీ
జనం నాతో గుసగుసలాడేది జేబుల గురించి.

"లోజేబొకటి పెట్టబ్బయా" అంటారు, ఎటో చూస్తా.
"ఎంత లోతు?" అంటాను.
ఎవరూ రూపాయల్లో చెప్పరు,
వేళ్ళు చూపిస్తారు.
బస్తాలు మోసే వాళ్ళకి రెండు వేళ్ళు,
కాటా కాడ రాసే గుమాస్తాకి మూడు,
ఢిల్లీ లోడు తోలే ఖాజారసూలుకి అరచెయ్యి మొత్తం,
అదీ పట్టాపట్టీ డ్రాయరు లోపల
బొందుకి బెత్తెడు కింద.
పోలీసోళ్ళ చెయ్యి అందాకా రాదని ఆయన నమ్మకం.
కమీషను కొట్టు చెంచురామిరెడ్డికి మాత్రం పైజేబు చాలు,
పల్చటి తెల్లగుడ్డలోంచి
గాంధీ కళ్ళద్దాలు అందరికీ అగపడాల.

నోట్లు రద్దయిన కార్తీకంలో
నేను కుట్టింది తక్కువ, విప్పింది ఎక్కువ.
పెళ్ళాలకి తెలీని జేబులు
పెళ్ళాల ముందరే విప్పాల్సొచ్చింది.

ఇప్పుడు అందరిదీ ఒకటే కొలత: ఫోను పట్టాల.
నా మిషను పక్కన కూడా
ఒక గళ్ళబొమ్మ పెట్టి పోయినాడు మా అన్న కొడుకు.
డబ్బులు పడితే ఆడగొంతుతో అరుస్తుంది అది,
నలభై రూపాయలు వచ్చాయని, మార్కెట్టంతా వినబడేట్టు.
గుసగుసల్లో బతికిన డబ్బు
ఇట్లా కేకలేయడం నాకింకా అలవాటు కాలా.

వెంగమ్మ సంగతి వేరే.
కాయలు ఏరుతుంది. పచ్చికాయ ఇటు, పండుకాయ అటు,
మచ్చకాయ ఊరగాయకి.
వేళ్ళ సందుల్లో నిమ్మపులుపు కొరికిన గాట్లు.
జాకెట్టు లోపల ఎడమ పక్కన జేబు కుట్టమని
వంద నోటు మడతపెట్టి చేతికిచ్చింది.
మూడు పక్కలా కుట్టి, నోటు దూర్చి ఇస్తే
తిప్పి చూసింది.
"నాలుగో పక్కో?"
"అట్ట కుడితే తీసుకునేదెట్టమ్మా?"
"నేను తీసుకునేదానికి కాదు నాయనా.
రాపూరు బస్సులోనో, నెల్లూరు పెద్దాసుపత్రి మెట్ల మీదో
పడిపోయాననుకో.
ఎవరో ఒక పిల్లోడు ఆటోలో ఏసుకోని ఇంటికి తెస్తాడు గదా,
వాడి చేతి డబ్బులు పోగూడదు."

కుట్టినా.
జాకెట్టు చిరిగినప్పుడల్లా వస్తుంది.
పాతదాంట్లోంచి విప్పి కొత్తదాంట్లో పెడతా.
చెమటకి నాని నాని
ఏది నోటో ఏది గుడ్డో వేలికి తెలీదు.
ఇంట్లో నూకలు లేని రోజులు ఆమెకి రాలేదా?
వచ్చినాయి. కాయలు లేని నెలలు నేనూ చూశా.
కత్తెర అడగలా.
డీజిలు పెరిగిందని ఒక ఏడు వంద తీసి రెండొందలు పెట్టింది.
మొన్న ఐదొందలు తెచ్చింది,
"నెల్లూరు నించి అంతకి తక్కువ ఎవడొస్తాడు" అని నన్నే కసిరింది,
నేనేదో బేరమాడినట్టు.

నిన్న గాలివాన. టవరు పోయింది.
టీ అంగట్లో గళ్ళబొమ్మ గమ్మునుంది.
తాగేసినాక చూసుకుంటే
నా చొక్కాకి మూడు జేబులు, నేనే కుట్టుకున్నవి,
ఒకదాంట్లో గుండీ, ఒకదాంట్లో సుద్దముక్క,
మూడోదాంట్లో ఫోను.
పన్నెండు రూపాయలు అప్పు రాయించి వచ్చినా.

రాత్రి బుడ్డిదీపం పెట్టుకోని
నా చొక్కాకే లోజేబు వేస్తా ఉన్నా.
ఎంత పెట్టాల?
మా ఇల్లు మూడు సందుల అవతల,
నేను పడిపోతే ఆటో కూడా అక్కర్లా,
ఏ నిమ్మకాయల బండో చాలు.
అయినా రెండు యాభైలు పెట్టినా.
పొద్దునే పాలాయన వస్తాడని గుర్తొచ్చి
ఒకటి వెనక్కి తీసినా.
నాలుగో పక్క ఇంకా కుట్టలా.
సూదిలో దారం ఎక్కించే ఉంది.